చెరకు పిప్పియు, చిన్న దీవియు: మన సంఘములు గ్రహింపవలసిన సంగతి

గత వేసవియందు మేము మన సంఘ సభ్యులలో కొందఱిని వెంటబెట్టుకొని విత్తనముల పనిమీద హైదరాబాదు నగరమునకు పోయియుంటిమి. పని ముగియునప్పటికి ప్రొద్దు గ్రుంకెను. తిరుగు ప్రయాణమున మా బండి మాదాపూరు, గచ్చిబౌలి మార్గమున వచ్చుచుండగా ఇరుప్రక్కల నద్దముల మేడలు దీపములతో వెలుగుచుండెను. రాత్రి యెనిమిది గంటలు దాటినను చీకటిగా నున్న కిటికీ యొక్కటియు కానరాలేదు. మాతో వచ్చిన యొక వృద్ధ రైతు చాలసేపు చూచి, “అయ్యా, మేము బావికాడ మోటారు కాలకుండ నుండవలెనని దేవునికి మ్రొక్కుకొందుము. ఈ మేడల కింత కరెంటు ఎక్కడ పండుచున్నది?” అని యడిగెను.

తోడివారు నవ్విరి. “కరెంటు పండుట యేమి, తాతా?” అని యొక యువకుడు హాస్యమాడెను. మాకు మాత్రము నవ్వు రాలేదు. ధాన్యమువలెనే విద్యుచ్ఛక్తియు నొకచోట పుట్టి మఱియొకచోట ఖర్చగుచున్నది. అది యెవరి నేలమీద పుట్టుచున్నది, దాని వెల యెవరికి ముట్టుచున్నది అను ప్రశ్న రైతునకు సంబంధించినదే. దానికి జవాబు వెదకుచు మేము తెలిసికొనిన సంగతులను సభ్యుల యెదుట నుంచుచున్నాము.

మేడల దీవి

హైటెక్ సిటీలో మొదటి పెద్ద కట్టడమగు సైబర్ టవర్స్ 1998 సంవత్సరము నవంబరు 22వ తేదీన ప్రారంభింపబడెను. అంతకు పూర్వ మా ప్రదేశము బండరాళ్లును తుప్పలును గల మెట్ట. నేడు మాదాపూరు మొదలు నానక్‌రాంగూడ వఱకును, దాని కవతలను, లక్షలమంది పనిచేయుచున్నారు. వారి పని యంతయు కంప్యూటర్లమీద జరుగును. అవి నడుచుటకు కరెంటు కావలెను. అవి వేడెక్కకుండుటకు కరెంటు కావలెను. అద్దముల గోడలగుండ లోనికి జొచ్చిన యెండవేడిని వెలికి నెట్టుటకు మఱికొంత కరెంటు కావలెను.

అచ్చట తినెడి బియ్యము అచ్చట పండదు. త్రాగెడి నీరు మంజీర, కృష్ణ, గోదావరి నదులనుండి గొట్టములలో రావలెను. కరెంటునకై రామగుండము, కొత్తగూడెము మొదలగు చోట్ల బొగ్గు మండవలెను. జలాశయముల క్రింద చక్రములు తిరుగవలెను. కొంత సౌరక్షేత్రములనుండియు వచ్చుచున్నది. చుట్టును సముద్రము లేకున్నను, సమస్తమును బయటినుండి రావలసినదే కనుక దానిని మేడల దీవి యనవచ్చును. నిజమునకు మన పల్లెలును ఈ విషయమున వేఱుగా లేవు. డీజిలు, ఎరువు, కరెంటు అన్నియు మనకును బయటినుండియే వచ్చుచున్నవి.

బొగ్గుచేత ఒక యూనిటు కరెంటు పుట్టింపవలెనన్న, సుమారు ముప్పాతిక కిలోకు కొంచెము తక్కువ బొగ్గు మండవలెను. అందువలన దాదాపు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు ఆకాశమున చేరును. ఈ వాయువు సూర్యుని వెలుగును లోనికి రానిచ్చును గాని, భూమినుండి తిరిగి పోవలసిన వేడిని కొంత ఆపివేయును. చలికాలమున కప్పుకొనిన కంబళి మన యొంటి వేడిని ఎట్లు నిలుపునో ఇదియు నట్లే. కంబళి మందమైనకొలది భూమి వేడెక్కును. వేడెక్కిన గాలి, ఒక్కొక్క డిగ్రీకి నూటికి ఏడు వంతుల చొప్పున, ఎక్కువ తేమను మోయగలదు. కావున వాన కురియని దినములు పెరిగినను, కురిసినప్పుడు కుంభవృష్టిగా కురియుట కవకాశము హెచ్చును. 2020 సంవత్సరము అక్టోబరు 13, 14 తేదీలందు హైదరాబాదు వీధులు నదులైన సంగతి మీరెల్లరు నెఱుగుదురు. ఒక్క వానను చూపి ఇదియే కారణమని తేల్చి చెప్పరాదు. కాని యట్టివి తఱచగుననుటకు కారణము మాత్రము స్పష్టము.

నిజమైన దీవుల మాట

ఈ వేడివలన మొట్టమొదట ముప్పు వాటిల్లునది సముద్రమధ్యమున నున్న చిన్న దీవులకు. మాల్దీవుల నేల సగటున సముద్రమట్టమునకు మీటరున్నర యెత్తు మాత్రమే. లోకమున మండిన బొగ్గులో ఆ దీవులవారు మండించినది లెక్కకు రానంత స్వల్పము. శిక్ష మాత్రము వారికే ముందు. అందుచేత అట్టి దేశములు 1990లో ఒక కూటమిగా నేర్పడినవి. 2015లో పారిస్ నగరమున కుదిరిన ఒడంబడికలో భూమి వేడిమి 1.5 డిగ్రీలకు మించి పెరుగకుండ యత్నింపవలెనను మాట చేరుట, ముఖ్యముగా ఆ చిన్న దేశముల పట్టుదలవలననే. ఒంటిగా నున్నచో వారి మాట వినువారే లేరు. కూడి నిలిచినందున పెద్ద రాజ్యములును వినవలసివచ్చెను. సహకార సంఘమునకు ఇంతకంటె మంచి యుదాహరణము వేఱొకటి యేల?

ఆ దీవులలో మన తెలుగువారికి చుట్టరికము గల దేశ మొకటి యున్నది. అదియే మారిషస్. హిందూమహాసముద్రమున నున్న యా ముఖ్యదీవి 1,865 చదరపు కిలోమీటర్లు. మన రంగారెడ్డి జిల్లాలో సగమునకు తక్కువ. జనసంఖ్య సుమారు పన్నెండున్నర లక్షలు. 1834 మొదలు మన దేశమునుండి కూలీలను చెరకు తోటలలో పనికి అచ్చటికి ఓడలలో కొనిపోయిరి. మన తీరమునుండి పోయినవారిలో పలువురు కాకినాడ చెంతనున్న కోరంగి రేవునుండి యోడ నెక్కిరి. అందుచేత అచ్చటి తెలుగువారికి కోరంగీలని పేరు వచ్చెను. ఆ కోరంగి రేవునే 1839 నవంబరున తుపాను ఉప్పెన ముంచివేసెను. సముద్రము చేయు కీడు వారికి క్రొత్త కాదు. మారిషస్ 1968 మార్చి 12న స్వతంత్రమయ్యెను. నేటికిని అచ్చట ఉగాది దేశమంతటికి సెలవుదినము.

మారిషస్‌లో బొగ్గు గనులు లేవు, నూనె బావులు లేవు. ఒకొక్క ఓడ ఇంధనమునకును పరదేశములకు సొమ్ము చెల్లింపవలసినదే. వారికి సమృద్ధిగా నున్నవి చెరకు, గాలి, యెండ. కావున వారు ముందుగా చెరకువంక చూచిరి.

పిప్పినుండి వెలుగు

నూరు టన్నుల చెరకు గానుగాడిన, సుమారు ముప్పది టన్నుల పిప్పి మిగులును. అందు సగము తేమ. పూర్వము దీనిని బాయిలరు క్రింద నెట్లో మండించి, కర్మాగారమునకు కావలసిన ఆవిరి తీసికొని, తక్కినదానిని పీడ వదలునట్లు తగులబెట్టెడివారు. బాయిలరు తక్కువ యొత్తిడిది యగుటచే పిప్పి యెక్కువ ఖర్చయి, కరెంటు తక్కువ వచ్చెడిది.

1957లో సెయింట్ ఆంట్వాన్ అను చక్కెర కర్మాగారమువారు తమకు మిగిలిన కొంచెము కరెంటును మొదటిసారిగా ప్రజల తీగలలోనికి పంపిరి. తరువాత నీ పద్ధతి క్రమముగ పెరిగెను. 1991లో ప్రభుత్వమువారు పిప్పి విద్యుత్తునకై ప్రత్యేక కార్యక్రమము నేర్పఱచిరి. 2000లో బెల్‌వ్యూ యందును, 2007లో సవన్నా యందును 82 బార్ల యొత్తిడిగల పెద్ద బాయిలర్లు వెలసినవి. ఒత్తిడి హెచ్చినకొలది అదే పిప్పినుండి ఎక్కువ బలమైన ఆవిరి పుట్టును. ఆవిరి చక్రమును త్రిప్పి కరెంటు నిచ్చును. చక్రమును దాటి వచ్చిన ఆవిరియే రసమును కాచుటకు పనికివచ్చును. ఈ యేర్పాటుచేత టన్ను చెరకునకు, కర్మాగారపు ఖర్చు పోగా, నూరు యూనిట్లకు పైగా బయటికి పంపగలిగిరి. 2010 ప్రాంతమున ఆ దేశపు కరెంటులో ఆఱవవంతునకు దగ్గరగా పిప్పినుండియే వచ్చెను.

పిప్పి మండిన పొగయు బొగ్గుపులుసు వాయువే కదా యని మీరడుగవచ్చును. నిజమే. కాని చెరకు పెరుగునప్పుడు ఆ వాయువును గాలినుండియే తీసికొన్నది. మండినప్పుడు దానినే తిరిగి యిచ్చినది. మఱుసటి యేడు పిలకలు మరల దానిని తీసికొనును. బొగ్గు మాట యట్లు గాదు. కోట్ల సంవత్సరముల క్రిందట భూమిలో పాతిపెట్టబడినదానిని పైకి తీసి మండించినచో అది క్రొత్తగా చేరిన భారము. ఒకటి చేబదులు, మఱొకటి తీరని యప్పు.

రైతు వాటా యెంత?

మన సంఘసభ్యులు ముఖ్యముగా గమనింపవలసిన సంగతి ఇచ్చట నున్నది. మారిషస్‌లో చిన్న రైతునకు చక్కెరలో నూటికి 78 వంతులు చెందునని నియమ మేర్పడియుండెను. కాని పిప్పిమాట వచ్చినప్పుడు చిక్కు పుట్టినది. పిప్పికి వెల లేనంతకాలము ఎవరును దానిని గూర్చి పోరాడలేదు. దానినుండి కరెంటు తీసి యమ్మసాగినంతనే, “చెరకు మాది, పిప్పియు మాదే” యని రైతులడిగిరి. “బాయిలరు మాది, పెట్టుబడి మాది” యని కర్మాగారములవారనిరి. ఇరువురి మాటలలోను న్యాయమున్నది.

దీనికి వారు కొన్ని యుపాయములు కనుగొనిరి. పిప్పి సొమ్ము కొంత రైతులకు చేరునట్లు ఒక నిధి నేర్పఱచిరి. 1994లో చక్కెర పెట్టుబడి ట్రస్టు అను సంస్థను స్థాపించి, చిన్న రైతులును కార్మికులును చక్కెర కర్మాగారములలో అయిదవ వంతు వాటా పొందునట్లు చేసిరి. అనగా రైతు చెరకు అమ్మువాడుగానే నిలువక, యంత్రమునకు కొంత యజమానియు నయ్యెను. అయినను తమకు వచ్చునది చాలదని రైతులు పలుమారులు మొఱపెట్టుకొనిరి. 2021లో ప్రభుత్వమువారు పిప్పికి రైతున కీయవలసిన మొత్తమును బాగుగా పెంచిరి. వాటా మొదటనే గట్టిగా వ్రాసికొననిచో తరువాత ఎన్నియేండ్లు అడుగవలసివచ్చునో దీనివలన తెలియుచున్నది.

వారి లోపములను గూడ చెప్పుట మా ధర్మము. చెరకు గానుగ జూను మొదలు డిసెంబరు వఱకే. తక్కిన నెలలలో ఆ బాయిలర్లలోనే పరదేశపు బొగ్గు మండింపవలసివచ్చెను. మఱియు చక్కెర ధర పడిపోవుటచే పలువురు చెరకు మానిరి; చిన్న కర్మాగారములు మూతబడి మూడు మాత్రము మిగిలినవి; పిప్పితో పాటు పిప్పి కరెంటును తగ్గెను. అందుచేత వారు యెండవైపునకును గాలివైపునకును తిరిగిరి. 2014లో బాంబూ అను చోట 15 మెగావాట్ల సౌరక్షేత్రము పనిచేయ నారంభించెను. 2030 నాటికి తమ కరెంటులో నూటికి అరువది వంతులు ఇట్టి తఱుగని శక్తులనుండి రావలెననియు, బొగ్గును మానవలెననియు 2021లో సంకల్పము ప్రకటించిరి. ఆ గురి యింకను దూరముగనే యున్నది. ఒక్క పంటను, ఒక్క యింధనమును నమ్ముకొనరాదనుట దీనివలన నేర్వదగిన రెండవ పాఠము.

మారిషస్‌లో ఎబెన్ అను చోట మన దేశపు ఋణసహాయముతో 2005 ప్రాంతమున ఒక సైబర్ నగరము వెలసెను. అందలి మేడకును సైబర్ టవర్ అనియే పేరు. వారి మేడకు వెలుగునిచ్చు తీగలో చెరకు రైతు పిప్పియు కొంత కలిసియున్నది. మన మేడల తీగలో మన రైతు వాటా యేది?

ఇచ్చట జరుగుచున్నవి

మన సైబరాబాదులోను కొంత మంచి పని జరిగినది. హైటెక్ సిటీ చేరువ కొత్తగూడ యొద్ద, భారత పరిశ్రమల సమాఖ్యవారి సొహ్రాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రమును 2004 జూలై 14న నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాము గారు ప్రారంభించిరి. నడుమ ముంగిలి, పైకప్పున మొక్కలును సౌరఫలకములును, గాలిని చల్లబఱచి లోనికి పంపు గోపురములు అందున్నవి. మన పూర్వుల మండువా యిండ్లలోని తెలివియే అచ్చట క్రొత్త రూపమున కానవచ్చును. 2023 అక్టోబరు 1న నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు ప్రాంతములలో వెలుపలి వలయ రహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట తెఱువబడెను. దానిపై కప్పు సౌరఫలకములే. వాని శక్తి 16 మెగావాట్లు. రామగుండమున నీటిపై తేలు 100 మెగావాట్ల సౌరఫలకములు 2022 జూలై 1 నాటికి పూర్తిగా పనిలోనికి వచ్చినవి.

ఇవి మెచ్చదగినవే. కాని వీనిలో రైతు సంఘమునకు వాటా గలది యొక్కటియు లేదు. చెరకు విషయమున 2012లో రంగరాజన్ గారి సంఘము, చక్కెర, పిప్పి, మడ్డి మొదలగువాని రాబడిలో నూటికి 70 వంతులు రైతునకు చెందవలెనని సిఫారసు చేసెను. బోధనులోని నిజాము చక్కెర కర్మాగారము 1937లో స్థాపింపబడి పెద్ద పేరొందినది, 2015 డిసెంబరులో పని నిలిపెను. కర్మాగారము మూతబడినచో చక్కెరయు పోవును, పిప్పియు పోవును. కాని మన మెట్టలమీద కాయు యెండ మూతబడదు.

ఎండకు లెక్క యిట్లున్నది. ఒక కిలోవాటు సౌరఫలకము మంచి యెండ దినమున సుమారు నాలుగు యూనిట్ల నిచ్చును. ఒక మెగావాటునకు నాలుగైదు ఎకరముల నేల కావలెను. ఏటికి సుమారు పదునైదు లక్షల యూనిట్లు పుట్టును. 2019లో కేంద్రప్రభుత్వము కుసుమ్ అను పథకమును ప్రవేశపెట్టెను. బీడు భూములలో అర మెగావాటు మొదలు రెండు మెగావాట్ల వఱకు సౌరక్షేత్రము నెలకొల్పుటకు అందు రైతులకే గాక, రైతుల గుంపులకును, సహకార సంఘములకును, పంచాయతీలకును అర్హత కల్పింపబడెను. కరెంటును పంపిణీ సంస్థ 25 ఏండ్లపాటు కొనునట్లు ఒడంబడిక చేసికొనుట అందలి పద్ధతి. నియమములును గడువులును మాఱుచుండును గావున, ప్రస్తుతపు నిబంధనలను విద్యుత్ కార్యాలయమున విచారించియే అడుగు వేయవలెను.

మా తప్పు, మా మనవి

ఇచ్చట మేమొక సంగతి దాచక చెప్పవలెను. కొన్నేండ్ల క్రిందట మే మెఱిగిన గ్రామమునకు ఒక సంస్థవారు వచ్చి సౌరక్షేత్రమునకై బీడు భూములను కౌలునకు మాటలాడిరి. కౌలు ఏటేట పెరుగునని నోటిమాటగా చెప్పిరి. పత్రము ఆంగ్లభాషలో నుండెను. రైతులు మా ముఖము చూచి సంతకములు చేసిరి. ఆంగ్లము చదివినవారమై యుండియు, మేము తుదివఱకు చదువకయే సాక్షి సంతకము పెట్టితిమి. కౌలు పెరుగుదల అందు లేదు. పశువుల దారి గూర్చియు లేదు. ఆ పత్రము ఇరువదియైదేండ్లు నిలుచును. ఆ రైతులు మమ్మేమియు అనలేదు. అదియే మాకు భారముగా నున్నది. ఈ వ్యాసము వ్రాయుటకు ముఖ్యకారణ మదియే.

కావున సభ్యులకు మా మనవి యిది:

1. ఎవరును ఒంటరిగా సౌరక్షేత్రపు పత్రములపై సంతకము చేయవలదు. పత్రమును తెలుగున వ్రాయించి, సంఘ సమావేశమున బిగ్గఱగా చదివించి, పిమ్మట ఆలోచింపుడు.

2. కౌలు యేటేట నెంత పెరుగునో, గడువు తీరిన పిదప ఫలకములను ఎవరు తొలగింతురో, నీటి కాలువలకును పశువులకును దారి యెట్లో వ్రాతమూలకముగ నుండవలెను.

3. కౌలునకిచ్చుటకంటె, సంఘమే వాటాదారగుట మేలేమో లెక్కవేయుడు. మూలధనమునకు అప్పు కావలసివచ్చును. అప్పు వడ్డీయు, కరెంటు ధరయు కాగితముమీద ప్రక్కప్రక్కన వ్రాసి చూడనిదే పూనుకొనరాదు.

4. పండెడి భూమిని ఇందు కీయవలదు. రాతిబీళ్లు, గోదాముల కప్పులు, సంఘ కార్యాలయపు కప్పు మొదట చూడుడు.

5. సౌర మోటారు గలవారు, ఉచితముగ వచ్చుచున్నదని పగలంతయు నీరు తోడవలదు. యెండ తఱుగదు గాని బావి తఱుగును. బిందుసేద్యముతో కలిపి వాడుడు.

6. చెరకు రైతులు తమ కర్మాగారము పిప్పినుండి కరెంటు అమ్ముచున్నదో లేదో సంఘముద్వారా విచారించి, తమ వాటాను గూర్చి వ్రాతమూలకముగ అడుగుడు.

కోరంగినుండి చేతులు కట్టుకొని పోయిన కూలీల సంతతి నడిసముద్రమున చెరకు పిప్పికి వెల కట్టించుకొనగలిగెను. మనము మన నేలమీద, మన సంఘమున, మన భాషలో కూర్చుండి మాటలాడుకొనుచున్నాము. వారికంటె మన పని సులభము.

వృద్ధ రైతు అడిగిన ప్రశ్నకు ఆ రాత్రి మేము సరియైన జవాబు చెప్పలేకపోయితిమి. ఇప్పుడు చెప్పుచున్నాము: తాతా, కరెంటు మన మెట్టమీదను పండును. ఆ పంట యెవరి గాదెకు చేరవలెనో రాబోవు సర్వసభ్య సమావేశమున మనమే నిర్ణయించుకొందము. ఆ దినమున ప్రతి సభ్యుడును తప్పక రావలెనని కోరుచున్నాము.